విదేశంలో లాయరును పెట్టుకుంటే ఫీజు ఎలా చెల్లించాలి: విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకనో ఉద్యోగానికనో పిల్లలను అమెరికా, కెనడా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా పంపిన ఇళ్లు విశాఖపట్నంలో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఓడ ఉద్యోగాల మీద ఏడాదిలో సగం కాలం సముద్రం మీదే గడిపేవారు, అమెరికా మార్కెట్‌ను నమ్ముకున్న రొయ్యల ఎగుమతిదారులు కూడా ఇక్కడివారే. వీసా చిక్కో, విడాకుల కేసో, రోడ్డు ప్రమాదమో, సుంకాల వివాదమో వచ్చి అక్కడి లాయరును పెట్టుకోవలసి వచ్చినప్పుడు, బ్యాంకులో విదేశీ మారకం పని చూసిన కాలంలో నన్ను అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఎంత పంపాలి, ఎంత త్వరగా పంపగలం? ఆ కంగారు నాకు అర్థమవుతుంది. అయితే పంపే ముందు తేల్చుకోవలసినది వేరే ఉంది. ఆ డబ్బు అక్కడ ఎవరి పేరున, ఏ ఖాతాలో, ఏ షరతు మీద ఉంటుంది అన్నదే ఆ విషయం. కింది జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

మేము మాట్లాడుతున్న వ్యక్తి నిజంగా లాయరేనని ఎలా తెలుసుకోవాలి?

అమెరికాలో లాయరు లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది. రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైటులోగాని, ఆ రాష్ట్ర కోర్టుల వెబ్‌సైటులోగాని పేరు వెతికితే లైసెన్సు అమలులో ఉందా లేదా అన్నది తెలుస్తుంది. ఇంగ్లండులో సొలిసిటర్ల, అంటే కక్షిదారులు నేరుగా పెట్టుకునే లాయర్ల వివరాలు సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ రిజిస్టరులో ఉంటాయి. అక్కడ లాయరు కాకుండా వలస విషయాల్లో సలహా ఇచ్చేవారు ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర నమోదై ఉండాలి. 2025 జనవరి వరకు ఈ సంస్థను ఓఐఎస్‌సీ అనేవారు. కెనడాలో లాయర్లతో పాటు కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ లైసెన్సు ఉన్నవారు, ఆస్ట్రేలియాలో లాయర్లతో పాటు మార్న్ అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న మైగ్రేషన్ ఏజెంట్లు ఈ పని చేయవచ్చు. ద్వారకానగర్‌లో ఆఫీసు తెరిచిన కన్సల్టెన్సీ వారు “మా లాయరు అక్కడ ఉన్నారు” అన్నప్పుడు ఆ లాయరు పూర్తి పేరు, లైసెన్సు నంబరు అడిగి మీరే స్వయంగా చూసుకోవాలి. పేరు చెప్పడానికి ఇష్టపడని చోట ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

మన కోర్టుల్లోలా వాయిదాకి ఇంత, కేసు మొత్తానికి ఇంత అని మాట్లాడుకోవచ్చా?

వాయిదాకి ఇంత అనే పద్ధతి అక్కడ దాదాపుగా కనిపించదు. సాధారణంగా మూడు పద్ధతులు ఉంటాయి. వీసా దరఖాస్తు, వీలునామా వంటి హద్దు తెలిసిన పనులకు ఒకే మొత్తం చెబుతారు. విడాకులు, పిల్లల సంరక్షణ, వ్యాపార వివాదాల వంటి ఎంత సాగుతాయో తెలియని కేసులకు గంటల లెక్కన తీసుకుంటారు. ప్రమాదాల్లో నష్టపరిహారం రాబట్టే కేసులకు అమెరికాలో వచ్చిన సొమ్ములో వాటా తీసుకుంటారు. ఏ పద్ధతైనా ఒప్పందం కాగితం మీద ఉండాలి. కాలిఫోర్నియాలో కేసు ఖర్చు 1,000 డాలర్లు దాటుతుందని అనిపిస్తే ఫీజు ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని సాధారణ నియమంగా చట్టమే చెబుతుంది. ఇంగ్లండులో సొలిసిటరు కేసు చేపట్టేటప్పుడు ఖర్చుల గురించి, ఫిర్యాదు చేసే దారి గురించి ఉత్తరం ఇస్తారు. ఆ కాగితంలో లాయరు ఫీజు వేరుగా, కోర్టు ఫీజులు, ప్రభుత్వ దరఖాస్తు ఫీజులు, అనువాదం, నిపుణుల రుసుములు వేరుగా ఉన్నాయో లేదో చూసుకోండి. చాలామంది మోసపోయామని అనుకునేది ఇక్కడే. నిజానికి అది మోసం కాకపోవచ్చు, రెండూ వేర్వేరు లెక్కలని ముందుగా ఎవరూ చెప్పకపోవడమే కావచ్చు.

రిటైనర్ పేరుతో ముందుగానే 5,000 డాలర్లు కట్టమన్నారు. అది ఫీజా, డిపాజిట్టా?

ఈ ప్రశ్న అడిగినవారు సరైన ప్రశ్న అడిగినట్టే. మన దగ్గర ప్లీడరు గారి చేతికి ఇచ్చిన అడ్వాన్సు ఆ క్షణం నుంచి ఆయన సొమ్మే అని భావిస్తాం. అమెరికాలో అలా కాదు. ఇంకా చేయని పనికి ముందుగా తీసుకున్న డబ్బును లాయరు తన సొంత డబ్బుతో కలపకుండా కక్షిదారుల ట్రస్ట్ ఖాతాలో ఉంచాలని అక్కడి వృత్తి నియమాలు చెబుతాయి. ఇటువంటి ఖాతానే అయోల్టా అంటారు. లాయరు పని చేసి, బిల్లు వేసి, ఆ మేరకే అందులోనుంచి తన ఖాతాకు మార్చుకోవాలి. కేసు మధ్యలో ఆగిపోతే ఖర్చు కాని సొమ్ము తిరిగి మీదే. ఇంగ్లండులోనూ సొలిసిటర్లు కక్షిదారుల సొమ్మును క్లయింట్ అకౌంటులో వేరుగా ఉంచాలి.

అందువల్ల డబ్బు పంపే ముందు ఈమెయిల్‌లో మూడు విషయాలు అడిగి జవాబు దాచుకోండి. ఈ సొమ్ము ట్రస్ట్ ఖాతాలోకి వెళుతుందా, ఆఫీసు ఖాతాలోకి వెళుతుందా? వాడని సొమ్ము తిరిగి ఇస్తారా? ఖాతాలో నిల్వ ఒక స్థాయికి తగ్గగానే మళ్లీ నింపమని అడుగుతారా? మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, విశాఖలో నెల జీతం మీదో పెన్షన్ మీదో నడిచే కుటుంబానికి అదే అసలు ప్రశ్న. 5,000 డాలర్లతో అయిపోతుందనుకున్న కేసులో రెండో నెలలోనే మరో 3,000 అడిగినప్పుడు భవిష్య నిధి నుంచి అప్పు తీసుకోవలసి వచ్చిన తండ్రులను నేను చూశాను. ఒకే మొత్తం ఫీజు విషయంలో నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కొన్నిచోట్ల కక్షిదారు సమ్మతితో దాన్ని నేరుగా ఆఫీసు ఖాతాలో వేసుకోవచ్చు. కాబట్టి ఏ దశలో ఎంత ఫీజు లాయరు సంపాదించినట్టు లెక్క అన్నది కూడా రాయించుకోవాలి.

గంటల లెక్క ఎలా వేస్తారు?

చాలా ఆఫీసుల్లో గంటను పది భాగాలు చేసి, ఆరు నిమిషాలకు ఒక భాగం చొప్పున లెక్కిస్తారు. గంటకు 350 డాలర్లు అయితే ఒక్క భాగం 35 డాలర్లు. ఒకే వారంలో అమ్మ ఒక ఈమెయిల్, నాన్న ఒకటి, అమ్మాయి మూడు పంపితే, ఒక్కొక్కటి చదివి జవాబివ్వడానికి ఒక్కో భాగం వేసినా 175 డాలర్లు అవుతుంది. అవే ప్రశ్నలు ఒకే ఈమెయిల్‌లో వరుసగా రాసి పంపితే రెండు భాగాలతో 70 డాలర్లకు తేలిపోవచ్చు. ఇంటి నుంచి మాట్లాడే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. జూనియర్ లాయరు, పారాలీగల్ (లాయరుకు సాయపడే ఉద్యోగి) చేసే పనికి తక్కువ రేటు ఉంటుంది కాబట్టి పత్రాల సేకరణ వంటివి వారి ద్వారా చేయించమని అడగడం తప్పు కాదు. ప్రతి నెలా వివరమైన బిల్లు అడిగి తీసుకోండి.

గెలిస్తేనే ఫీజు అంటున్నారు. నమ్మవచ్చా?

భారతదేశంలో కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన సొమ్ములో వాటా అడగడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. అందువల్ల ఈ మాట వినగానే మనవారికి అనుమానం వస్తుంది. అమెరికాలో ప్రమాదాలు, మరణాలకు సంబంధించిన పరిహారం కేసుల్లో ఇది చట్టబద్ధమే, సర్వసాధారణం కూడా. వాటా తరచుగా మూడో వంతు దగ్గర ఉంటుంది, కేసు విచారణ దాకా వెళితే 40 శాతం వరకు పెరుగుతుంది. అయితే విడాకులు ఇప్పించడానికిగాని, భరణం ఎంతో తేల్చించడానికిగాని, క్రిమినల్ కేసులో వాదించడానికిగాని ఫలితం మీద ఆధారపడే ఫీజు అక్కడి వృత్తి నియమాలకు విరుద్ధం. ఆ కేసుల్లో ఎవరైనా ఇలా చెబితే అక్కడే ఆగిపోండి.

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు ఈ ఒప్పందం పెట్టినప్పుడు వారు అంకెలు చూసే స్థితిలో ఉండరు. అందుకే దగ్గరి బంధువు ఒకరు కూర్చుని చూడాలి. ముఖ్యంగా కేసు ఖర్చులను లాయరు వాటాకు ముందు తీసేస్తారా, తర్వాత తీసేస్తారా అన్నది చూడాలి. పరిహారం 1,00,000 డాలర్లు, ఖర్చులు 10,000 డాలర్లు, వాటా మూడో వంతు అనుకుందాం. మొత్తం మీద వాటా తీసి తర్వాత ఖర్చులు తీస్తే లాయరుకు 33,333, కుటుంబానికి 56,667 డాలర్లు వస్తాయి. ముందు ఖర్చులు తీసి మిగిలిన 90,000 మీద వాటా వేస్తే లాయరుకు 30,000, కుటుంబానికి 60,000 వస్తాయి. వాక్యంలో ఒక్క మాట మారితే 3,333 డాలర్ల తేడా వస్తుంది. కేసు ఓడిపోతే ఆ ఖర్చులు ఎవరు భరించాలన్నది కూడా ఒప్పందంలో ఉండాలి. ఒప్పందం మీద కక్షిదారు సంతకం తప్పనిసరి, ఒక ప్రతి మీ దగ్గర ఉండాలి. ఇంగ్లండులో మరో సంగతి ఉంది. అక్కడ సాధారణంగా ఓడినవారు గెలిచినవారి ఖర్చులో చాలా భాగం భరించాలి. అందువల్ల సొంత లాయరు ఫీజు మాత్రమే లెక్క వేసుకుని కేసు వేయడం ప్రమాదం.

ఫీజు కడుతున్నది మేము. కేసు వివరాలు లాయరు మాకు చెప్పాలి కదా?

చెప్పవలసిన పని లేదు. ఈ జవాబు తల్లిదండ్రులకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. మీ అబ్బాయి కేసుకు మీరు డబ్బు పంపినా కక్షిదారు అబ్బాయే. మూడో వ్యక్తి ఫీజు కట్టినప్పుడు దానికి కక్షిదారు సమ్మతి ఉండాలనీ, కట్టిన వ్యక్తి లాయరు నిర్ణయాల్లో జోక్యం చేసుకోకూడదనీ, కక్షిదారు రహస్యాలు బయటికి పోకూడదనీ అమెరికా వృత్తి నియమాలు స్పష్టంగా చెబుతాయి. మీకు వివరాలు కావాలంటే మీ అబ్బాయి లేదా అమ్మాయి లాయరుకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అనుమతి ఇచ్చినా, లాయరుతో జరిగే సంభాషణల్లో మూడో వ్యక్తి ఉంటే ఆ సంభాషణకు చట్టం ఇచ్చే గోప్యత రక్షణ పోయే అవకాశం ఉంది. అందుకే కొన్నిసార్లు లాయరు మిమ్మల్ని ఫోను నుంచి తప్పుకోమంటారు. అది అవమానం కాదు.

దీనికి మరో వైపు ఉంది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని లాయరే మిమ్మల్ని అడగవచ్చు. ఇంగ్లండులో ఇల్లు కొనుగోలు వంటి వ్యవహారాల్లో మనీ లాండరింగ్ నిబంధనల వల్ల పంపిన వ్యక్తి గుర్తింపు పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. స్థలం అమ్మిన డబ్బైతే అమ్మకం దస్తావేజు ప్రతి, దాని ఇంగ్లీషు అనువాదం సిద్ధంగా ఉంచుకోండి.

ఉద్యోగ వీసా లాయరు ఫీజు నా జీతంలోంచి కోస్తామంటున్నారు. అది న్యాయమేనా?

అమెరికా గ్రీన్‌కార్డులో మొదటి దశ అయిన లేబర్ సర్టిఫికేషన్ కోసం కంపెనీకి అయ్యే లాయరు ఫీజును ఉద్యోగి నుంచి వసూలు చేయడం 2007 జులై నుంచి నిషిద్ధం. హెచ్-1బీ పిటిషన్ వేయడానికి అయ్యే లాయరు ఫీజును కంపెనీ వ్యాపార ఖర్చుగానే చూస్తారు. దాన్ని కోయడం వల్ల జీతం చట్టం చెప్పిన కనీస స్థాయికన్నా తగ్గకూడదు. మీ సొంత ప్రయోజనం కోసం మీరు వేరే లాయరును పెట్టుకుంటే మాత్రం ఆ ఫీజు మీదే.

విశాఖ నుంచి డబ్బు పంపే సరైన దారి ఏమిటి?

వ్యక్తులకు రిజర్వ్ బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము, అంటే ఎల్‌ఆర్‌ఎస్ ఉంది. 2004లో 25,000 డాలర్లతో మొదలైన ఈ పరిమితి ఇప్పుడు ఆర్థిక సంవత్సరానికి ఒక్కొక్కరికి 2,50,000 డాలర్లు. పాన్ తప్పనిసరి. గాజువాకలోనో మధురవాడలోనో ఖాతా ఉన్నా, అన్ని శాఖలూ విదేశీ మారకం పని చేయవు కాబట్టి ముందే ఫోను చేసి ఏ శాఖకు వెళ్లాలో కనుక్కోండి. అక్కడ ఎ2 ఫారం నింపి, లాయరు ఇచ్చిన ఇన్వాయిసు, ఫీజు ఒప్పందం జతచేయాలి. పంపే కారణానికి ఒక కోడ్ ఉంటుంది. న్యాయ సేవలకు అది ఎస్1004. కొందరు సులభమని కుటుంబ పోషణ కోడ్ వేసి పంపుతారు. నిజంగా అబ్బాయి ఖాతాకు అతని ఖర్చులకు పంపితే అది సరైనదే. లాయరు ఖాతాకు నేరుగా పంపుతూ ఆ కోడ్ వేయడం మాత్రం తప్పుడు ప్రకటన అవుతుంది.

సాధారణంగా వ్యక్తులు ఇలా పంపేటప్పుడు విదేశీ చెల్లింపుల గురించి కంపెనీలు ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వవలసిన పత్రాల అవసరం ఉండదు. ఇంగ్లండు లాయరు బిల్లులో వ్యాట్ (మన జీఎస్టీ వంటి పన్ను) కనిపిస్తే ఒక్కసారి అడగండి. భారతదేశంలో నివసించే వ్యక్తికి ఇచ్చిన న్యాయ సలహా సాధారణంగా అక్కడి వ్యాట్ పరిధిలోకి రాదు. అక్కడి స్థిరాస్తికి సంబంధించిన పని దీనికి మినహాయింపు.

డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, టీసీఎస్, ఎంత పడుతుంది?

2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయల వరకు పంపితే టీసీఎస్ లేదు. ఆ పైన పంపిన దానిమీద న్యాయ ఫీజు వంటి అవసరాలకు 20 శాతం. చదువు, వైద్యానికి ఉన్న తక్కువ రేటు దీనికి వర్తించదు. 14 లక్షలు పంపితే పై 4 లక్షల మీద 80,000 రూపాయలు బ్యాంకు వసూలు చేస్తుంది. ఈ 10 లక్షల లెక్క మీ పాన్ మీద అన్ని బ్యాంకుల్లో కలిపి ఉంటుంది కనుక, అదే ఏడాది అమ్మాయి ఇంటి అద్దెకు పంపిన సొమ్ము కూడా ఇందులో చేరుతుంది. అయితే ఇది పోయే డబ్బు కాదు. రిటర్ను వేసేటప్పుడు మీ పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వాపసు వస్తుంది. జీతం తీసుకునేవారు 2024 అక్టోబర్ నుంచి తమ యజమానికి ఈ వివరాలు ఇచ్చి జీతం మీద కోసే టీడీఎస్ ఆ మేరకు తగ్గించుకోవచ్చు.

పంపినదానికన్నా తక్కువ చేరిందని లాయరు అంటున్నారు. ఎందుకు?

దారిలోని మధ్యవర్తి బ్యాంకులు తమ ఛార్జీ మినహాయించుకుంటాయి. ఫారంలో “అవర్” ఎంచుకుంటే ఛార్జీలన్నీ పంపేవారే భరిస్తారు, “షా” ఎంచుకుంటే ఇద్దరూ పంచుకుంటారు. కోర్టు గడువు దగ్గరలో ఉన్నప్పుడు “అవర్” మంచిది. కొన్ని దారుల్లో అప్పటికీ స్వల్పంగా కోత పడవచ్చు. బ్యాంకు ఇచ్చే మారకం రేటుకూ ఆ రోజు మార్కెట్ రేటుకూ ఉన్న తేడాయే అన్నిటికన్నా పెద్ద ఖర్చు కాబట్టి రెండు మూడు బ్యాంకుల్లో అడగండి. మారకం మీద జీఎస్టీ స్వల్పమే. 4 లక్షల రూపాయలకు అది 450 రూపాయలు. డబ్బు చేరలేదంటే బ్యాంకు నుంచి స్విఫ్ట్ సందేశం (బ్యాంకుల మధ్య వెళ్లే చెల్లింపు సందేశం) ప్రతి అడిగి లాయరుకు పంపండి, దాని ఆధారంగా వెతకవచ్చు.

అక్కడి బంధువు లాయరుకు డాలర్లు కడతారు, మేము ఇక్కడ వారి అమ్మానాన్నలకు రూపాయలు ఇస్తాం. కుదురుతుందా?

మన ఇళ్లలో ఇది ఎంత సహజమైన ఆలోచనో, చట్టం దృష్టిలో అంత చిక్కైనది. విదేశంలో ఉన్నవారి తరఫున ఇక్కడ రూపాయలు చెల్లించి, దానికి బదులుగా అక్కడ డాలర్లు పొందే ఏర్పాటు విదేశీ మారకాన్ని నియంత్రించే ఫెమా చట్టం మూడో సెక్షనుకు విరుద్ధం. పట్టుబడితే ఆ సొమ్ముకు మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. కన్సల్టెన్సీ వారు “ఇక్కడ నగదు ఇవ్వండి, అక్కడ కట్టేస్తాం” అన్నా ఇదే సంగతి, పైగా మీ చేతిలో రసీదు కూడా ఉండదు. మేనమామో పెదనాన్న కొడుకో తన సొంత డబ్బుతో తిరిగి ఆశించకుండా సాయం చేస్తే ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు.

మా బ్యాంకు ఖాతా మారింది, కొత్త ఖాతాకు పంపండి అని లాయరు ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది.

పంపవద్దు. దొంగలు లాయరు ఈమెయిల్‌లోకి చొరబడి, సరిగ్గా డబ్బు పంపే రోజున ఇలాంటి ఉత్తరం పంపడం ప్రపంచమంతటా జరుగుతున్నదే. ఆ ఈమెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా, ఒప్పందం మీద మొదట ఉన్న నంబరుకు ఫోను చేసి ఖాతా వివరాలు ఒక్కొక్క అంకె చదివించుకోండి. అప్పటికే పంపేసి ఉంటే వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి తెలియజేయాలి. మొదటి కొన్ని గంటలే కీలకం.

మాది ఎగుమతి సంస్థ. మాకూ ఇవే నియమాలా?

కావు. ఎల్‌ఆర్‌ఎస్ వ్యక్తులకే. అమెరికా 2005లో మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసే సుంకం) ఉత్తర్వు ఇచ్చినప్పటి నుంచి ఇక్కడి ఎగుమతిదారులు ఏటా జరిగే సమీక్షల కోసం అక్కడి లాయర్లను పెట్టుకోవలసి వస్తోంది. ఎగుమతి ఆదాయంలోంచి ఈఈఎఫ్‌సీ ఖాతాలో (ఎగుమతిదారులు విదేశీ కరెన్సీ ఉంచుకునే ఖాతా) డాలర్లు ఉంటే వాటితోనే చెల్లించవచ్చు, మారకం ఖర్చు తప్పుతుంది. ఆదాయపు పన్ను విషయంలో చెల్లింపుకు ముందే మీ చార్టర్డ్ అకౌంటెంటుతో కూర్చోండి. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 15వ అధికరణం ప్రకారం అక్కడి లాయరుకు ఇక్కడ స్థిరమైన కార్యాలయం లేకపోతే, సంవత్సరంలో 90 రోజులకు తక్కువే ఇక్కడ ఉంటే, ఆ ఫీజు మీద ఇక్కడ పన్ను పడదు. అయితే దానికి అమెరికా పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం, మన పన్ను శాఖ అడిగే వివరాల ఫారం లాయరు నుంచి తెప్పించుకోవాలి. వాటికి వారాలు పడుతుంది కాబట్టి బిల్లు వచ్చాక కాదు, ఒప్పందం రోజునే అడగాలి. సేవల దిగుమతి కింద 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జి పద్ధతిలో సంస్థే నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. సొంత కుటుంబ కేసు కోసం లాయరును పెట్టుకున్న వ్యక్తికి ఈ జీఎస్టీ లేదు.

బిల్లు అన్యాయంగా ఉంది, మిగిలిన సొమ్ము కూడా ఇవ్వడం లేదు. ఇక్కడి నుంచి ఏమి చేయగలం?

ముందుగా ట్రస్ట్ ఖాతా లెక్క, గంటల వివరాలు రాతపూర్వకంగా అడగండి. చాలా తగాదాలు ఆ ఉత్తరంతోనే తేలతాయి. తేలకపోతే అమెరికాలో అనేక రాష్ట్రాల బార్ సంఘాలు ఫీజు తగాదాలకు మధ్యవర్తిత్వం నడుపుతాయి. కాలిఫోర్నియాలో కక్షిదారు కోరితే లాయరు దానికి రాక తప్పదు. ట్రస్ట్ సొమ్ము తిరిగి ఇవ్వకపోవడం లైసెన్సుకే ప్రమాదం తెచ్చే తప్పు కాబట్టి ఆ ఫిర్యాదును బార్ తీవ్రంగా తీసుకుంటుంది. ఇంగ్లండులో సొలిసిటరు ఆఫీసుకు ఫిర్యాదు చేసి, ఎనిమిది వారాల్లో పరిష్కారం రాకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు విచారించే లీగల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. కక్షిదారు మీ అమ్మాయో అబ్బాయో అయితే ఫిర్యాదు వారి పేరునే ఉండాలి. జతచేయవలసినవి ఫీజు ఒప్పందం, ప్రతి బిల్లు, స్విఫ్ట్ సందేశం ప్రతి, ట్రస్ట్ ఖాతా గురించి మీరు మొదట అడిగిన ప్రశ్నకు లాయరు ఇచ్చిన జవాబు.